మూసేసిన మెసేజు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. కంప్యూటర్ల మధ్య బతికినవాణ్ణి, ఏం జరిగినా దానికో కారణం ఉంటుందనే అనుకునేవాణ్ణి. ఈ ఒక్కదానికి మాత్రం దొరకలేదు.

తొంభైల చివర్లో మస్కట్‌లో, ఖురంలోని ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. సమాయిల్ ఊళ్లో కట్టడం జరిగే సైటుతో మాట్లాడుకోవడానికి మా సొంత సర్వర్‌లోనే చాట్ పెట్టుకున్నాం. మెసేజులన్నీ ఒక డేటాబేసులో పడేవి. దానికి అందరికీ కలిపి ఒకటే పాస్‌వర్డ్. చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించారు. ఒకే ఎంగిలి గ్లాసుతో ఆఫీసంతా నీళ్లు తాగుతున్నట్టుండేది నాకు. మార్చండి బాబూ అని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

ఉన్నట్టుండి మేనేజరే పిలిచి మార్చమన్నాడు. చాట్ ప్రోగ్రాముకి వేరే అకౌంటు ఇచ్చాను, అది కొత్త మెసేజులు మాత్రమే చూడగలదు. పాతవన్నీ ఇంకో డేటాబేసులోకి చేర్చాను. దాని పాస్‌వర్డ్ మేనేజరే టైపు చేసుకున్నాడు, నాకు కూడా చెప్పలేదు. అందరూ వాడే పాత అకౌంటు తీసేశాను. ఇన్నాళ్లకు నా మాట నెగ్గిందని సంబరపడ్డాను.

మర్నాడు పొద్దున మనవాళ్లు ఎక్కువగా ఉండే హమ్రియా నుంచి రాజయ్య అనే కూలీ వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. అంతకు ముందు వారమే అతని తమ్ముడు లింగయ్య మా సమాయిల్ సైటులో పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. సెలవు రోజు తనంతట తనే ఎక్కాడనీ, శవాన్ని ఇంటికి పంపే బాధ్యత కంపెనీది కాదనీ మేనేజరు తేల్చేశాడు.

"ఊకెనే ఎందుకు ఎక్కుతడు సార్? ఎవలో రమ్మంటెనే పోయిండు మా తమ్ముడు," అన్నాడు రాజయ్య.

"కిసీనే నహీ బులాయా," ఎవరూ పిలవలేదని హిందీలో కసిరాడు మేనేజరు.

అంతలో ఆఫీసులోని తెరలన్నిటి మీదా ఒక పాత మెసేజు వచ్చి నిలిచింది. మేనేజరు ఫోర్‌మన్‌కి పంపినది. సేఫ్టీ బెల్టు లేదని పని ఆపొద్దు, లింగయ్యను రూమ్ నుంచి పిలిపించి ఎక్కించు.

నా చేత పాస్‌వర్డ్‌లు మార్పించింది ఇందుకా! మెసేజును గట్టిగా తెలుగులో చదివి రాజయ్యకు వినిపించాను.

తర్వాత సర్వర్ అంతా వెతికాను. పాత మెసేజుల డేటాబేసు తెరిచే హక్కు చాట్ అకౌంటుకు లేదు. నేను ఆ అకౌంటుతో ప్రయత్నిస్తే సర్వర్ కుదరదనే చెప్పింది. మేనేజరు పాస్‌వర్డ్‌తో ఎవరూ లోపలికెళ్లిన జాడ కూడా లేదు.

అందరూ చూశారు కాబట్టి లింగయ్య శవం కంపెనీ ఖర్చుతోనే ఇంటికి చేరింది. ఆ మెసేజు ఎలా బయటికొచ్చిందో ఇవాళ్టికీ చెప్పలేను. నిజానికి దాన్ని తలుచుకుంటే నాకు భయం వేయదు. రాజయ్య నేలమీద కూలబడి ఏడుస్తుంటే, మేనేజరు అతని కాళ్లు దాటుకుంటూ వచ్చి నన్నడిగిన మాట గుర్తొస్తేనే ఒళ్లంతా జలదరిస్తుంది.

"దీన్ని ఎవరు తెరిచారు?"