అవతలి గట్టు దాకా

మా నాటకాల మాస్టారు పోయారని మొన్న ఉదయం వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. వట్లూరులో మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో ఉన్నాను. "రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయారక్కా" అన్నాడు. "అలాగా" అన్నాను. మూడేళ్ళు నాటకం నేర్చుకున్నదాని నోట అంతకన్నా మాట రాలేదు, చూడండి.

మీలో పాత పరిషత్తు నాటకాలు చూసినవాళ్ళకు ఆయన గుర్తుండే ఉంటారు. తాడేపల్లిగూడెంలో ఆయన స్టేజీ మీద దగ్గితే వీధి చివర సోడాబండి అతను కూడా తిరిగి చూసేవాడట. గొంతుకు ఆపరేషన్ అయ్యాక గుసగుస ఒక్కటే మిగిలింది. వేషాలు ఆగిపోయాయి. ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు కనుక మాకు పాఠాలు మొదలుపెట్టారు.

ఆదివారం చర్చి అవ్వగానే ఏలూరు నుంచి బస్సెక్కి, గుండుగొలను దగ్గర తెలిసినవాళ్ళ చేపల చెరువుకు వెళ్ళేవాళ్ళం. మేం ఈ గట్టున, ఆయన అవతలి గట్టున. చెప్పిన డైలాగు అందితే ఎర్రంచు కండువా పైకెత్తేవారు. అందకపోతే కదిలేవారు కాదు. మొహమాటమన్నది ఎరగరు. నేను గొంతు చించుకునేదాన్ని. కండువా భుజం మీదే ఉండేది. చెరువు చుట్టూ తిరిగి ఆయన దగ్గరికి వెళితే, చెవి దగ్గరికి వంగి, "అరుపు వచ్చిందమ్మా, మాట రాలేదు. అవతలి గట్టున ఉన్నవాడు నీకు కావలసినవాడనుకుని చెప్పు" అనేవారు. ఆ పైన తన డబ్బాలోంచి ఓ గారె తీసి చేతిలో పెట్టేవారు. గారె తినేదాన్ని గానీ కోపం పోయేది కాదు. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు కండువా ఎత్తారు. నాకు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఉద్యోగం వచ్చాక కూడా కనిపించినప్పుడల్లా దెబ్బలాడేదాన్ని. "ఇప్పుడైనా ఎత్తుతారా మాస్టారూ?"

"చెరువెక్కడికీ పోదుగా అమ్మా" అని నవ్వేవారు. ఆయన మీద నాకున్న ప్రేమంతా ఆ దెబ్బలాటలోనే ఉండేది. అది ఆయనకు తెలుసు.

నిన్న సమాధుల తోట నుంచి ఇంటికి వెళ్ళబుద్ధి కాక, ఒక్కదాన్నే ఆ చెరువు దగ్గరికి వెళ్ళాను. అవతలి గట్టున చేపలకు మేత వేసే పెద్దాయన పడవలోకి బస్తా ఎత్తుతున్నాడు. మా పాఠాలన్నీ విన్న మనిషి. నన్ను గుర్తుపట్టి, "ఏవండీ, మాస్టారు రాలేదాండీ?" అని కేకేశాడు.

"మాస్టారు పోయారండీ" అన్నాను. అరవలేదు. అరిచే ఓపిక లేదు.

పెద్దాయన బస్తా కిందికి దించాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు మెల్లగా తీసి, చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.