పాసు పుస్తకం

మొన్న గంపలగూడెం ఆటోలో పక్కనాయన ఒడిలో పట్టాదారు పాసు పుస్తకం చూడగానే నాన్న గుర్తొచ్చాడు.

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లు తెల్లవాళ్ల పాలనపై తిరగబడి, తమ పాసు పుస్తకాలు తగలబెట్టారని ఏడో తరగతిలో తిరువూరు లైబ్రరీలో చదివాను. మా అరెకరం పాసు పుస్తకం కోసం నాన్న అప్పటికే ఏళ్లుగా ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. పరుగున వెళ్లి చెప్పాను.

"పొలం పుస్తకం ఎవరన్నా కాల్చుకుంటారటే, పిచ్చిమొహమా!" అని నవ్వాడు.

మళ్లీ లైబ్రరీకెళ్లి వెతికాను. అది పొలానిది కాదని, అది చూపించకపోతే నల్లవాళ్లని పట్నంలో తిరగనివ్వరని నాన్నకి గొప్పగా వివరించాను.

"అయితే వాళ్లకి వద్దన్నా ఇచ్చారన్నమాట" అంటూ, జిరాక్సు కాగితాలు సంచిలో పెట్టుకుని నాన్న మళ్లీ ఆఫీసుకి బయల్దేరాడు.

మా పుస్తకం రాకుండానే ఆయన పోయాడు. ఆ లైబ్రరీ సగం చదివేశాను గానీ, ఆ రోజు నాన్న అన్న మాటకి జవాబు ఎక్కడా దొరకలేదు.