సీటీ కొట్టని కుక్కర్

పొద్దున మా ఆయన థర్మల్ ప్లాంటుకు డ్యూటీకి వెళ్లగానే, కొత్త స్లో కుక్కర్‌లో బేక్డ్ బీన్స్ పెట్టాను. నానబెట్టి పది నిమిషాలు మాత్రమే ఉడికించిన తెల్ల రాజ్మా, టమాటా గుజ్జు, బెల్లం వేశాను. మధ్యాహ్నం పక్కింటి శాంతమ్మక్క వచ్చింది.

"ఏందమ్మా, పొద్దటిసంది ఒక్క సీటీ గూడ కొట్టలే?"

"ఇది సీటీ కొట్టదక్కా. ఎనిమిది గంటలు మెల్లగా ఉడికిస్తుంది."

"అంటే మీ ఆయన లెక్క డ్యూటీ చేస్తదన్నమాట!"

సాయంత్రం ఆయనొచ్చారు. గింజలు మాత్రం ఇంకా పలుకుగానే ఉన్నాయి. శాంతమ్మక్క మళ్లీ వచ్చి చూసింది.

"బెల్లం ముందుగాల్నే ఏస్తే గింజ యాడ ఉడుకుతది? ఇగ నా కుక్కర్‌ల ఓవర్‌టైం పెట్టు" అంటూ అక్క తన ప్రెషర్ కుక్కర్ తెచ్చింది. ఆరు సీటీలకు మెత్తబడ్డాయి. జొన్నరొట్టెలతో గిన్నె ఖాళీ చేశాం.

రోజంతా కూర్చుని, పని సగంలో వదిలేసి, కిక్కురుమనకుండా ఉండేది ఎవరికైనా కావాలా? నేను రాసిన ఈ మాట చదివి మా ఆయన, "కుక్కర్ గురించే కదా?" అంటున్నారు.