వెన్న తిన్న నేల

నా భార్య అకులీనా పోయాక అందరూ ఆమె ఓర్పు గురించే చెప్పారు. నాకు మాత్రం ఆమె అసూయే ఎక్కువ గుర్తొస్తోంది. అసూయపడ్డ ఆ రోజుల్లోనే ఆమె అంత నిండుగా బతికింది.

సైబీరియాలోని యాకుత్స్క్‌లో గడ్డకట్టిన నేలల్ని పరీక్షించే ప్రయోగశాలలో ఆమె మట్టి కాల్చేది. ఆరబెట్టి, నూరి, తూచి కొలిమిలో పెట్టేది. కాలాక మళ్లీ తూస్తే తగ్గిన బరువును బట్టి కర్బనం ఎంతుందో తేలేది. నేల కరిగితే ఆ కర్బనం గాలిలో కలుస్తుందని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఎంత ఉందో చెప్పేది మాత్రం మా ఆవిడే.

తర్వాత సాస్కిలానా అనే అమ్మాయి ఓ యంత్రంతో వచ్చింది. అది మట్టి మీద వెలుగు వేసి, తిరిగొచ్చిన వెలుగును గీతగా గీసి, కప్పులో టీ చల్లారేలోగా కర్బనం లెక్క చెప్పేసేది. అయితే ముందు దానికి నేర్పాలి. అందుకు వాడింది అకులీనా ఏళ్ల తరబడి కాల్చి తేల్చిన లెక్కల్నే.

"నా చేత్తోనే దానికి గోరుముద్దలు తినిపిస్తున్నా," అనేది ఇంటికొచ్చి.

"ఆ పిల్ల నిన్ను నోరారా అక్కా అంటుంది కదే."

"అంటుంది. అందుకే ఒళ్లు మండేది. నువ్వూ దాని వైపేనా ముసలోడా?"

ఈ వేసవి మట్టిలో రెండు లెక్కలూ కలిస్తే కొలిమి ఆపేస్తానని ప్రయోగశాల పెద్దాయన అన్నాడు. కలవకూడదని అకులీనా కోరుకుంది.

జులైలో లేనా నది దాటి చురాప్చా వైపు ఒక గడ్డి పల్లంలో తవ్వాం. నేలలోకి గొట్టం దించి మట్టి తీసేది నేనే. నేలకి నైవేద్యం పెట్టకుండా తవ్వకూడదని మా ఆచారం, మామూలుగా దాన్ని నిప్పులో వేస్తాం. గడ్డి ఎండిపోయి ఉంది, నిప్పు రాజేసే వీల్లేదు. అకులీనా అట్టుముక్క మీద దండిగా వెన్న వేసి నేల మీదే పెట్టి, కోపగించుకోవద్దని బతిమాలింది. ఎండకి వెన్న కరిగి మట్టిలోకి ఇంకింది.

"ఇక్కడే దించు," అంది.

"పెట్టిన చోటేనా?"

"నేల ఒప్పుకున్న చోటు ఇదే. దోమలు పీక్కు తింటున్నాయి, కానీయ్."

శరదృతువులో లెక్కలన్నీ కలిశాయి, ఒక్కటి తప్ప. చురాప్చా వైపు తవ్విన ఆ గుంత పైపొర మట్టిలో కర్బనం కొలిమి లెక్కలో చాలా ఎక్కువ, వెలుగు లెక్కలో తక్కువ. నేను పెట్టెలు దించుతూ అక్కడే ఉన్నాను.

"నీ వెలుగుకి చూపు ఆనలేదు తల్లీ," అంది అకులీనా. అలా వెలిగిపోతున్న ముఖాన్ని చూసి ఎన్నాళ్లయిందో.

సాస్కిలానా ఆ మట్టిని మళ్లీ యంత్రం కింద పెట్టింది. గీతలో వేరే ఏ మట్టికీ లేని నొక్కులు కనిపించాయి. కాసేపు ఆలోచించి, భోజనాల గదిలోంచి కాస్త వెన్న తెచ్చి యంత్రం కింద పెట్టింది. నొక్కులు సరిగ్గా అక్కడే పడ్డాయి.

"అక్కా, నేలకి ఏం పెట్టావు?"

అకులీనా ఆ వెన్న గిన్నె వైపు చూసింది.

"వెన్న కూడా కాలి బరువు తగ్గింది. కొలిమి దాన్నీ మట్టి కిందే లెక్కేసింది," అంది సాస్కిలానా.

అంతలో పెద్దాయన వచ్చి, ఏ లెక్క రాయమంటారని అడిగాడు. సాస్కిలానా తల వంచుకుని వెన్న గిన్నె తుడుస్తూ ఉండిపోయింది. అకులీనా కూడా నోరు విప్పకపోతే ఆ చలికాలమంతా కొలిమి మండేది.

"కొలిమిదే తప్పు," అంది అకులీనా. "అందులో వెన్నుంది. నేను పెట్టిందే."

తర్వాతి వారం కొలిమి ఆపేశారు. ఆ సాయంత్రం బండిలో ఇంటికి బయల్దేరాం.

"ఆ పిల్లే చెప్పేసి ఉంటే బాగుండేది," అంది అకులీనా.

"పరువు పోయేది నీదే కదే."

"పోతే పోయేది. తిట్టుకోడానికైనా ఏదో ఒకటి మిగిలేది. మంచితనంలో కూడా ఆ పిల్ల నాకంటే ముందుండాలా?"