అత్తమ్మ తాగిన స్ఫటికాలు

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరుగానీ, మా కాలంలో ప్రొటీను స్ఫటికాలు పెంచాలంటే పెద్ద ప్రయోగశాలకన్నా, తలుపులు ధబాలున వేయని మనుషులు ఎక్కువ అవసరం. డెబ్బైల మొదట్లో నేను నాందేడులో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌ని. జీతం కొంచెం, గర్వం ఎక్కువ. బొంబాయిలో ఒక పెద్ద ప్రొఫెసరు (నేను రాసిన ఏడు ఉత్తరాలకు విసిగిపోయి) కోడిగుడ్డు తెల్లసొనలోంచి మంచి స్ఫటికాలు తీసి దసరాకల్లా పట్టుకొస్తే తన దగ్గర చేర్చుకుంటానని జవాబు రాశాడు. వాటిలోకి ఎక్స్‌రేలు పంపి ప్రొటీను ఆకారం కనిపెట్టడం ఆయన పని. కాలేజీ బల్ల మీద పెడితే పక్కగదిలో ఎవరు తలుపు వేసినా గిన్నె వణికి, నూకల్లాంటివి తప్ప వచ్చేవి కావు. కదలిక లేని చోటు నాకు ఒక్కటే తెలుసు. నేనుంటున్న మా అక్కావాళ్ళ ఇంట్లో పప్పుల బస్తాలు వేసే చీకటి గది.

చిక్కేమిటంటే, మా బావ కిరాణా వ్యాపారి, ఆ ఇల్లు తాతల నాటి నుంచి గుడ్డు ముట్టని ఇల్లు. అందుకని గుడ్లు కాలేజీలోనే పగలగొట్టి, తెల్లసొనను ఏవేవో ద్రావణాలతో శుద్ధిచేసి, సిరాబుడ్డిలో పోసుకుని, దొంగసరుకు మోసేవాడిలా ఇంటికి తెచ్చేవాణ్ణి. అక్క అత్తగారిని అందరం అత్తమ్మ అనేవాళ్ళం. బజార్లో మరాఠీ, బండివాళ్ళతో దక్కనీ ఉర్దూ మాట్లాడినా, ఇంట్లో మాత్రం ఆమెది తెలుగే. అక్కను ఎప్పుడూ కోడలిగా చూడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని తినేది, దాహమైనా లేచి ముంచుకోకుండా "నీళ్ళియ్యి బిడ్డా" అని అక్కనే పిలిచేది.

ఒకరోజు నేను గిన్నె మీది గుడ్డ తీసి తొంగిచూస్తుంటే వెనక నుంచి వచ్చింది.

"ఏంది ర అది, దేవుని లెక్క కప్పిపెట్టి సూస్తున్నవ్?"

"స్ఫటికాలు అత్తమ్మా. కదిలియ్యకుర్రి."

"పటికనా? గంతేనా."

నేను తల ఊపాను. (మరాఠీలో చెప్పి ఉంటే సరిపోయేది. వాళ్ళకు స్ఫటిక్ వేరు, పటికకు తుర్టీ అని వేరే మాట. మా ఇంటి తెలుగులోనే ఆ రెండూ ఒకటయ్యాయి.) గుడ్డు సంగతి అడగలేదు, అదే పదివేలనుకున్నాను. మర్నాటి నుంచి ఆమె వాడకట్టంతా "మా కోడలి తమ్ముడు కాలేజీల పటిక చేస్తుండు" అని చెప్పుకుంది. నాకది ముద్దుగానే ఉండేది.

వానలు ముదిరాయి, నల్లాలో గోదావరి నీళ్ళు ఎర్రమట్టితో రావడం మొదలైంది. ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి నా గిన్నె కడిగి బోర్లించి ఉంది. రెండు నెలల కష్టం. బియ్యపు గింజంత స్ఫటికాలు పదకొండు.

"గిన్నెలయి ఏవి అత్తమ్మా?"

"బిందెల ఏసిన. సూడు, నీళ్ళెట్ల తేటవడ్డయో." (కదపకుండా ఉంచితే ఏ నీళ్ళయినా తేటపడతాయి, కానీ అది ఆలోచించే స్థితిలో నేను లేను.) అక్క అప్పుడే ముంచి ఇచ్చిన గ్లాసు ఆమె చేతిలో సగం ఖాళీగా ఉంది.

"అది పటిక గాదు. కోడిగుడ్డు" అన్నాను. అన్నానా, అరిచానా, ఇప్పటికీ నాకు నేను సర్దిచెప్పుకుంటూనే ఉంటాను.

అత్తమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. అక్క తెల్లబోయి, నాకు కళ్ళతో సైగచేస్తూ, "గమ్మత్‌కు అంటుండు అత్తమ్మా. కాదా తమ్మీ?" అంది.

"గమ్మత్ ఏంది? నిజమే" అన్నాను. అప్పుడు నా వయసు ఇరవై మూడు, నిజం చెప్పడం శాస్త్రజ్ఞుడి లక్షణమని గట్టి నమ్మకం.

ఆమె గ్లాసు కింద పెట్టి లేచింది. గోదావరిలో స్నానం చేసి వచ్చింది. నాకు ఎప్పటిలాగే కొసరి కొసరి వడ్డించింది. కానీ ఆ రోజు నుంచి అక్క చేతి నీళ్ళు మాత్రం తాగలేదు. వేరే చెంబు పెట్టుకుని, పక్కింటి బావి నుంచి తానే తోడుకునేది. అక్క ఏడ్చి, కాళ్ళు పట్టుకుని, బిందె మార్చి చూసింది. "నీ తప్పేం లేదు బిడ్డా, గొంతు దిగుతలేదు" అనేది అత్తమ్మ. నా స్ఫటికాలంటారా, ఇరవై రోజుల్లో కాలేజీలోనే, ఎవరూ తిరగని మెట్ల కింది మూలలో, మళ్ళీ వచ్చాయి. దసరాకు బొంబాయి చేరాను.

నాలుగేళ్ళు ప్రొటీన్ల ఆకారాలు గీశాక, ఒకరోజు త్రాసు అరువడగడానికి పక్క విభాగానికి వెళ్ళాను. అక్కడొక ఎలుక తియ్యటి నీళ్ళ సీసా నుంచి మూతి తిప్పేసుకుంటోంది. మొన్న ఆ నీళ్ళు తాగించాక, కడుపులో తిప్పే మందు సూదితో ఇచ్చారట. "మందు సంగతి దానికి తెలియదు, తాగిన నీళ్ళనే అనుమానిస్తుంది" అన్నాడు అక్కడి పరిశోధకుడు. నేను త్రాసు మరిచి నిలబడిపోయాను. మరుసటి ఏడు ఎక్స్‌రేలు వదిలి ఎలుకల్లో చేరాను. దరఖాస్తులో మెదడు, నరాలు, జ్ఞాపకం అని పెద్ద మాటలు రాశాను. ప్రొఫెసరు నెలరోజులు మాట్లాడలేదు. మా బావ మాత్రం "ఎలకల మీద డాక్టరేటా? గట్లయితె మా గోదాం పిల్లికి ఎన్నడో ఇయ్యాలె" అన్నాడు.

ఎనభైల్లో అత్తమ్మ మంచం పట్టిందని తెలిసి వెళ్ళాను. పక్కన కూర్చుని, దారి పొడుగునా వల్లెవేసుకున్నది చెప్పాను. "ఆనాడు అది నిజంగ పటికనే అత్తమ్మా. కోపంల గుడ్డని అబద్ధం చెప్పిన."

ఆమె బోసినోటితో నవ్వింది. "పో ర, నీ ఎలకలకు చెప్పు." తర్వాత నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది. "గప్పుడే జెప్తే నమ్ముతుంటి బిడ్డా. నమ్మాలనే నీ మొకం దిక్కు సూసిన."

ఎలుక ఎటు తలతిప్పినా చూసి పుస్తకంలో రాసుకునే ఉద్యోగం నాది. నేర్పరినని పేరు కూడా ఉంది. ఆ మాట ఎవరైనా అంటే నవ్వొస్తుంది. రెండు కళ్ళూ నా మీదే పెట్టుకుని అడిగిన మనిషిని చూడలేకపోయాను.