నా ఫోను గుర్తించిన దొర

మా వంశం మూడుసార్లు కూలింది. మొదటిసారి ముత్తాతగారు దాయాదులతో వ్యాజ్యాలాడి కూల్చారు. రెండోసారి తాతగారు పందెం కోళ్ళను మేపి కూల్చారు. మూడోసారి నేను, ఫోనుకు జోడీగా ఉంటుందని కంప్యూటర్ మార్చి కూల్చాను. మొదటి రెండింటికీ కోర్టు కాగితాలున్నాయి. మూడోదానికి నేనే సాక్షిని గనుక, దాయాదులెవరైనా చిలవలు పలవలు అల్లకముందే చెప్పేస్తున్నాను. నవ్వండి, తప్పులేదు. కొంచెం మర్యాదగా నవ్వండి.

ఆరేళ్ళ కిందటి మాట. చిత్తూరు పక్కనున్న మా అసలు భవంతి అప్పటికే మామిడి గుజ్జు డబ్బాల గోదాముగా మారింది. తిరుపతిలో, అలిపిరికి పోయే దారిలో ఒక మేడమీది వాటా మా సంస్థానం. పగలు నేనొక ప్రైవేటు కాలేజీలో గుమాస్తాను. ఇంటికొస్తే సంస్థానాధీశుణ్ణి. ఏలుబడిలో ఉన్న ప్రజ ఒక్కతే, నా భార్య సుశీల. ఆవిడా మాట వినదు.

మా అక్క భర్త మునిరత్నం బావది సూళ్లూరుపేట. కొత్త ఫోను కొనుక్కుని పాతది నా చేతిలో పెట్టాడు. "ఇది నువ్వు పెట్టుకో బామ్మర్దీ. బాగానే ఉండాది" అన్నాడు. ఒకరు వాడి వదిలేసింది తీసుకోవడం మా వంశంలో లేదు. కానుకలు స్వీకరించడం ఉంది. కనుక స్వీకరించాను.

బావ తల్లి రాజమ్మత్తకు ఎనభై దాటాయి. చూపు నానాటికీ మసకబారుతోంది. ఒక పెళ్ళిలో నా చెయ్యి పట్టుకుని, "కండ్లు పూర్తిగా పోకముందే ఒక్కసారి ఆ సామిని సూడాలప్పా" అంది. పదిమంది చూస్తున్నారు. నేను మీసం మీద చెయ్యేసి, "కొండ కింద నేనుండగా నీకేం కొరత అత్తా? టికెట్లు నేను తీసిస్తాను" అన్నాను.

తాతగారి కాలంలో ఆ మాటకు ఒక చీటీ రాసి పంపడమని అర్థం. నా కాలంలో దాని అర్థం, పొద్దున పదిగంటలకు ఆన్‌లైన్లో దర్శనం టికెట్లు వదలగానే దేశమంతటితో పోటీపడి నొక్కడం.

రెండు నెలలు వరుసగా ఓడిపోయాను. ఓడించింది ఓటీపీ. మా ఇంట్లో ఫోనుకు సిగ్నల్ వంటింటి కిటికీలో తప్ప అందదు. కంప్యూటర్ ముందుగదిలో ఉంటుంది. ఓటీపీ రాగానే సుశీల కేక వేసేది.

"వచ్చినాదండీ! పరిగెత్తండి!"

మా వంశంలో పరుగు లేదు. యుద్ధంలో కూడా లేదంటారు. అందుకే ప్రతిసారీ దొరికిపోయేవాళ్ళమని దాయాదులంటారు, అది వాళ్ళ సంస్కారం. నేను రొమ్ము విరుచుకుని వంటింటికి నడిచి, అంకెలు చూసి, అంతే హుందాగా తిరిగి వచ్చేసరికి ఓటీపీ గడువు తీరేది. సుశీలే ఫోను తెచ్చివ్వవచ్చు, లేదా అంకెలు అరిచి చెప్పవచ్చు కదా అంటారా? సంస్థానపు రహస్యాలు చేతులు మారకూడదని, వీధికి వినబడకూడదని నేనే శాసనం చేశాను.

"ఫోన్లోనే తియ్యచ్చు గదా? పక్కింటోళ్ళంతా ఆ కిటికీలో నిలబడే తీస్తారు" అంది సుశీల.

"పెద్ద పనులు పెద్ద తెరమీదే చెయ్యాలి సుశీలా."

ఈ సంకటం విని మందు చెప్పినవాడు కంప్యూటర్ల దుకాణం ఢిల్లీబాబు. "ఫోను ఏ కంపెనీదో కంప్యూటరూ ఆ కంపెనీదే పెట్టుకోండి సార్. ఓటీపీ దానంతటదే వచ్చి తెరమీద కూసుంటాది. మీరు కాలు కదిపే పనే లేదు."

కాలు కదిపే పనే లేదు! మా వంశం తరతరాలుగా వినాలనుకున్న మాట అది.

అయినా వారం రోజులు ఆలోచించాను. పాత కంప్యూటర్ పాడవలేదు. అందులో నా చేతికి తెలియని మూల లేదు. కానీ ఎద్దుకు ఎద్దు, గుర్రానికి గుర్రం జోడీ కావాలి కదా!

"జోడీ కుదరలేదని మనమిద్దరం ఇడిపోయినామా?" అంది సుశీల.

దీనికి జవాబు నాకు ఇప్పటికీ తట్టలేదు. జవాబు తట్టనప్పుడు మా వంశంలో నిర్ణయం తీసేసుకుంటాం. పాత కంప్యూటర్‌నీ, దానికి తోడు అమ్మమ్మగారి వెండి పన్నీరుబుడ్డినీ సాగనంపి కొత్తదానికి ఆర్డరిచ్చాను. అది గంగమ్మ జాతర చివరి రోజున దుకాణానికి వచ్చింది. టికెట్లు వదిలేది మర్నాడే.

జాతరలో వేషం కట్టి అమ్మవారికి మొక్కు చెల్లించడం మా ఊరి ఆచారం. నా మొక్కు దొర వేషం. ఒంటినిండా, మొహంనిండా చందనం, మెడలో నిమ్మకాయల దండ, చేతిలో వేపమండ. దొర మళ్ళీ దొర వేషం కట్టడం ఏమిటని మీకు సందేహం రావచ్చు. మా వీధివాళ్ళకు కూడా వచ్చింది. అందుకే తేడా తెలియాలని నేను కనుబొమల దాకా తలపాగా చుట్టి, తాతగారికున్నంత కోరమీసం అతికించి, రెండు దవడల్లోనూ తాంబూలం దట్టించాను. అమ్మవారికి దండం పెట్టుకుని, ఆ వైభవంతోనే తిన్నగా దుకాణానికి వెళ్ళాను.

ఢిల్లీబాబు లేచి నిలబడ్డాడు. భక్తో, భయమో తెలియదు.

"ఫోనుకు తాళమే లేదే సార్! తాళం పెడితేనే రెండిటికీ జోడీ కుదిరేది."

"దొరలకు తాళాలేమిటోయ్?" అన్నాను తాంబూలం మధ్యనుంచి. నిజానికి మా భవంతికి తాళం లేకపోవడానికి కారణం, అన్నిటికంటే ముందు తలుపులు అమ్మేయడం.

"మొహం సూపించండి, అదే తాళం" అన్నాడు. గడ్డం పైకెత్తి చూపించాను. ఫోను పరమ సంతోషంగా ఒప్పుకుంది. "ఇంక ఆరంకెలు ఏసుకోండి సామీ. మొహం పనిచెయ్యకపోతే అవే దిక్కు. మరిచిపోవద్దు."

మరుపా? మా సంస్థానం ఏర్పడ్డ సంవత్సరం నాలుగంకెలు, మేం ఏలిన ఊళ్ళు రెండంకెలు. నొక్కేశాను.

మర్నాడు పొద్దున శుభ్రంగా స్నానం చేసి, తొమ్మిదింబావుకు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. 'ఒక్కసారి మీ ఫోను తెరిచి, నేను మీదాన్నేనని చెప్పండి' అన్నట్టు ఏదో అడిగింది. ఫోనుకు మొహం చూపించాను. కాదంది. నవ్వుతూ చూపించాను. కాదంది. కోపంగా చూపించాను. అసలు కాదంది.

సరే, అంకెలున్నాయి కదా అనుకున్నాను. ఇక్కడొక కుటుంబ రహస్యం చెప్పక తప్పదు. మా సంస్థానం పుట్టిన సంవత్సరం వినేవాణ్ణి బట్టి మారుతుంది. ఏలిన ఊళ్ళు కాలేజీలో పన్నెండు, అత్తగారింట్లో ఇరవై ఏడు. ఢిల్లీబాబు దగ్గర ఏ లెక్క చెప్పానో! రెండు చరిత్రలు నొక్కి చూశాను. రెండూ అబద్ధమంది ఫోను.

వంటింటి కిటికీలో నిలబడి సుశీల ఫోనులోంచి దుకాణానికి ఫోన్ చేశాను.

"ఎన్నిసార్లు మొహం సూపినారు?" అన్నాడు ఢిల్లీబాబు కంగారుగా.

"మూడు."

"ఇంక రెండే ఉండాయి సార్! ఐదు దాటితే మొహం పనికిరాదు. అంకెలు ముట్టుకోవద్దు. నిన్న సూపిన మొహం యాడ పెట్టినారు?"

నిన్నటి మొహం స్నానాలగదిలో కడిగేశాను. చందనం పూయనేల, మొహం కడగనేల!

సుశీల అప్పటికే చందనం గిన్నె తెచ్చేసింది. జాతర ముగిసిన మర్నాడు, ముందుగదిలో, కాలేజీకి పోవలసిన మనిషికి దొర వేషం మొదలైంది. చందనం, తలపాగా, మీసం. ఎందుకైనా మంచిదని నిమ్మకాయల దండ. ఫోను ముందు గడ్డం ఎత్తాను. కాదంది!

"తాంబూలం! దవడలు సూడండి, చప్పిడిగా ఉండాయి!" అని అరిచింది సుశీల. గుప్పెడాకులు కుక్కింది. తొమ్మిది యాభై ఎనిమిది. ఐదోసారి, ఆఖరిసారి, ఊపిరి బిగబట్టి చూపించాను.

తెరుచుకుంది.

సుశీల ఫోనును వంటింటి కిటికీలో పెట్టి వచ్చింది. పది కొట్టగానే నొక్కాను. అత్త పేరు, అక్క పేరు రాశాను. ఓటీపీ నిజంగానే నడిచివచ్చి తెరమీద కూర్చుంది. ఇంక డబ్బు కట్టే మీట ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడు కంప్యూటర్ గణగణ మోగింది. ఫోనుకు జోడీ కదా, ఫోనుకొచ్చిన వీడియో కాల్ కూడా దానికే వచ్చింది. దాన్ని తోసెయ్యబోయి ఎత్తేశాను.

తెరమీద మునిరత్నం బావ, పక్కన రాజమ్మత్త. బావ నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు. అత్త కళ్ళు చికిలించి చూసింది.

"ఎవురప్పా అది? ఓరి దేవుడా, పెద్దదొరగారు! మీరు పోయి శానా ఏండ్లాయె గదా సామీ!"

చిన్నప్పుడు మా తాతగారిని చూసిన మనిషి. నేను కాదని చెప్పాలంటే తాంబూలం ఉమ్మాలి. ఉమ్మితే, ఫోను మళ్ళీ మొహం అడిగితే? "ఊఁ" అన్నాను.

"ఆ గొంతే!" అని చేతులు జోడించింది. "దొరా, మీ మనవడి సంగతి మీకే సెప్పాల. నోరు తెరిస్తే కోట, మూస్తే మొండిగోడ. టికెట్లు తీసిస్తానని పెండ్లిలో మీసం తిప్పినాడు, రెండు నెలలాయె. బిడ్డ మంచోడే సామీ, ఉత్త గాలి. వాడివల్ల గాదు. మీరే సూడాల."

"ఊఁ" అన్నాను. వేరే దారేది?

వెనక బావ నేలమీద పడి దొర్లుతున్నట్టు చప్పుడు. ఇంతలో సుశీల నా భుజం మీదుగా వంగి మీట నొక్కేసింది.

"వచ్చేసినాయి! రెండు టికెట్లూ వచ్చేసినాయి!"

"సూస్తివారా మునిరత్నం?" అంది అత్త. "దొర ఊఁ అన్నాడు, పని అయిపోయినాది!"

ఆమె కొండెక్కింది, కళ్ళారా దర్శనం చేసుకుంది. ఆనందంగా దిగి మా ఇంటికొచ్చి, నా చేతిలో లడ్డు పెట్టింది. నేను మీసం సవరించుకుని నోటి దాకా తీసుకెళ్ళాను.

"నీకు గాదు నాయనా! మీ తాత పేరు సెప్పి కాకులకు పెట్టు. నువ్వు గూడా ఆయప్ప మాదిరి తక్కువ మాట్లాడేది నేర్సుకో."

అందుచేత సమస్త బంధుమిత్రులకు, దాయాదులతో సహా, తెలియజేసుకునేది ఏమనగా: ఇకమీదట ఫోను మారితే కంప్యూటర్ మార్చను. కంప్యూటర్ మారితే ఫోను మార్చను. రెండూ మార్చమంటే నేనే ఊరు మారతాను. ఏ యంత్రం ముందైనా కడిగిన మొహంతో, ఖాళీ దవడలతో, ఉన్నవాణ్ణి ఉన్నట్టుగానే కూర్చుంటాను. ఇది నా ప్రతిజ్ఞ.