కొంగ వేసుకున్న తలుపు

మా అన్న కూతురు ఇంటర్ చదువుతోంది. దానికి జపాన్ బొమ్మల కథల పిచ్చి. వాటిని మాంగా అంటారు, కుడి నుంచి ఎడమకు చదవాలి. ఆ దేశపు పాత జానపద కథలు తీసుకొని కొత్తగా గీసి అమ్ముతారు. పాత కథలో ముసలి నక్క ఉంటే కొత్తదాంట్లో అది పదహారేళ్ల పిల్ల అవుతుంది. మనుషుల్ని నదిలోకి లాగే భూతానికి నుదుటి మీద జుట్టు పడుతుంటుంది, మన పిల్లలు వాడి బొమ్మను ఫోన్‌లో పెట్టుకొని మురిసిపోతారు. అందరికీ చారెడేసి కళ్లు. అంతేసి కళ్లున్నా ఎదురుగా ఉన్నది ఒక్కరికీ కనపడదు.

ఒక ఆదివారం నేను కరీంనగర్ నుంచి సిరిసిల్లలోని మా ఇంటికి పోయాను. వయసంతా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి అలసిన బాపు టీవీ ముందు కూర్చున్నాడు. నన్ను కన్న అవ్వ గోడకానుకొని, ఒళ్లో చాట పెట్టుకొని, ఆదిలాబాద్ అడవుల నుంచి వచ్చిన తునికాకుతో బీడీలు చేస్తోంది. కొంతకాలంగా ఆమెకు దగ్గు. అది వచ్చినప్పుడల్లా చాట దించి, లోపలి అర్రలోకి పోయి తలుపు వేసుకునేది. బాపు టీవీ సౌండు పెంచేవాడు. దవాఖానకు పోదామని నేను ఎన్నిసార్లు అడిగినా, తంబాకు దుమ్ముకు వచ్చింది, అదే పోతుందని అవ్వ దాటేసేది. బాపు అవుననడు, కాదనడు. ఆ ఇంట్లో దగ్గు అనే మాట ఆయన నోట నేను వినలేదు.

ఆ రోజు పిల్ల తాను చదువుతున్న మాంగాను మాకు తెలుగులో చెప్పింది. పేదవాడొకడు గాయపడ్డ కొంగను కాపాడతాడు. కొంగ ఆడమనిషై వచ్చి వాడిని పెళ్లాడుతుంది. తాను నేస్తుంటే చూడవద్దని చెప్పి, మగ్గం ఉన్న గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. బయటికి వచ్చేసరికి చేతిలో రాజులు కట్టే బట్ట. వాడు దాన్ని అమ్ముకొచ్చి ఇంకొకటి నేయమంటాడు. ప్రతిసారీ ఆమె చిక్కిపోతుంది. చివరికి వాడు తొంగి చూస్తే, లోపల ఒక కొంగ తన ఈకలు తానే పీక్కొని నేస్తూ ఉంటుంది. చూశావు కాబట్టి ఇక ఉండనని ఎగిరిపోతుంది.

ఆ బొమ్మ కూడా చూపించింది. ఈకలు పూలలాగా గాలిలో తేలుతున్నాయి. ఒక్క చుక్క నెత్తురు లేదు. భర్త గడప మీద పడి ఏడుస్తున్నాడు, అంత ఏడ్చినా జుట్టు చెదరలేదు. పాత కథలో వాడు ఆశపోతేనట, పిల్లే చెప్పింది. కొత్తగా రాసినాయన వాడిని సబ్బు పెట్టి కడిగి అమాయకుణ్ణి చేశాడు. వాడికి పాపం ఏమీ తెలియదని పిల్ల కళ్లు తుడుచుకుంది.

నాకు ఒళ్లు మండింది. ఈ గీసినవాడెవడో మగ్గం మొహం చూసి ఉండడన్నాను. మా దగ్గర నూలు ఇచ్చే ఆసామి తూకం వేసి ఇస్తాడు, బట్ట దిగాక మళ్లీ తూకం వేసుకుంటాడు. నూలు లేనిదే జానెడు గుడ్డ రాదని మా వాడలో పాలు తాగే పిల్లకూ తెలుసు. కథలో ఈ మొగుడు నూలు కొనలేదు, ఎవరూ తెచ్చియ్యలేదు. అయినా బట్ట తాను మీద తాను దిగుతోంది, పెళ్లాం చిక్కి సగమవుతోంది. తలుపు సందులోంచి చూస్తే గానీ తెలియదా? కళ్లు మూసుకొని పాలు తాగే పిల్లి వీడికంటే నయం అన్నాను.

అవ్వ బీడీకి దారం చుడుతూనే అంది.

"వానికి ఎర్కనే బిడ్డా. గామె తలుపేసుకున్నది తనకు సిగ్గై కాదు. వాడు సిగ్గుపడొద్దని."

బాపు టీవీ వైపే చూస్తున్నాడు. అందులో వచ్చేది సబ్బుల ప్రకటన.

అంతలో అవ్వకు దగ్గు వచ్చింది. చాట దించి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. బాపు చెయ్యి అలవాటుగా రిమోట్ మీదికి పోయింది. కన్నతండ్రి మీద అసహ్యం కలిగింది నాకు, దాచడమెందుకు. కానీ ఆయన టీవీ ఆపేశాడు. ఆ దగ్గు మొదటిసారి ఇల్లంతా వినిపించింది. పాత గుడ్డ చింపుతున్నట్టు ఉంది, ఎంతకీ ఆగదు.

బాపు లేచి పోయి తలుపు కొట్టాడు.

"తియ్. జర సూడనీ."

తలుపు వెంటనే తెరుచుకోలేదు. తెరుచుకునేసరికి అవ్వ నోటికి చీర చెంగు అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది. చెంగు మీద నెత్తురు మరక. బాపు దాన్ని చూశాడు. కథలో కొంగ ఇక్కడే ఎగిరిపోయింది. మా అవ్వ ద్వారబంధానికి చెయ్యి ఆనించి ఊపిరి కూడదీసుకుంది.

"సూసినవు గదా," అంది. "ఇగ రేపు దవాఖానకు తోల్కపో."